పాతకాలపు గౌను కొనేటప్పుడు ముందు చంక కుట్టు చూడండి

పుట్టగొడుగుల బొమ్మల స్కర్టు, గుండ్రటి కాలరు గౌను, చెర్రీపండ్లలాంటి గుండీల స్వెట్టరు. ఇలాంటివి కనబడితే ప్రాణం లాగేస్తుంది. లాగనివ్వండి, బట్టల్లో సరదా అంతా అక్కడే ఉంది. కాకపోతే కొన్నది ఒంటిమీదికి వస్తుందో, బీరువాలోనే మగ్గుతుందో తేల్చేది బొమ్మలు కాదు, కుట్లు.

అది నిజంగా పాతదా, పాత ఫ్యాషన్లో కొత్తగా కుట్టినదా అన్నది మొదట తేల్చుకోవాలి. రెండూ మంచివే, కానీ రెండింటికీ ఒకే ధర ఇవ్వకూడదు. 1940ల గౌన్లకు లోహపు జిప్ ఉంటుంది, అదీ చాలావాటికి పక్క కుట్టులో. నైలాన్ జిప్‌లు బాగా వాడుకలోకి వచ్చింది 1960లలో. జిప్ మధ్యలో మార్చి ఉండొచ్చు కాబట్టి పక్కన పాత సూది రంధ్రాలు ఉన్నాయేమో చూడండి. అమెరికాలో ఉతికే సూచనల లేబుల్ 1972 నుంచి తప్పనిసరి. అక్కడ తయారైన గౌనుకు ఆ లేబుల్ ఉండి, అమ్మేవాళ్లు 1950ల నాటిదంటే నమ్మకండి. లేబుల్ లేకపోతే మాత్రం ఏదీ రుజువు కాదు, ఎవరో కత్తిరించి ఉండొచ్చు.

సైజు నంబరు పట్టించుకోకండి. పాత 12 ఇప్పటి 12 కంటే బాగా చిన్నది. జిప్ మూసి, గౌనును బల్లమీద పరిచి, ఒక చంక నుంచి రెండో చంక దాకా కొలిచి రెట్టింపు చేయండి. సాగని బట్టయితే ఛాతీ దగ్గర మీ ఒంటి కొలత కంటే కనీసం 5 సెంటీమీటర్లు, నడుము దగ్గర 2 లేదా 3, తుంటి దగ్గర 5 ఎక్కువ ఉండాలి. అంతకంటే వదులుగా ఉంటే కుట్టు వేయించుకోవచ్చు. బిగుతైతే లోపల ఎంత బట్ట వదిలారో చూడాలి. రెండు పక్క కుట్లలోనూ ఇరువైపులా సెంటీమీటరు చొప్పున విప్పితే చుట్టుకొలత 4 సెంటీమీటర్లు పెరుగుతుంది. అయితే లోపల దాగిన బట్ట వెలిసిపోయి ఉండదు కనుక, అక్కడ ముదురు రంగు చార తేలుతుంది. భుజాలు, చంక చుట్టూ బిగుతైతే ఆశ వదులుకోవడమే మేలు.

ఇప్పుడు గౌనును తిరగేసి వెలుతురుకు ఎత్తి పట్టండి. చెమట వల్ల ముందుగా చివికేది చంక. రెండు వేళ్లతో మెల్లగా లాగితే పోగులు విడిపోతుంటే ఆ గౌను వద్దు. ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్ల పట్టు విషయంలో మరీ జాగ్రత్త. బరువు కోసం అప్పట్లో పట్టుకు లోహ లవణాలు పట్టించేవారు, అలాంటిది మడతల వెంట చీలికలుగా పగిలిపోతుంది. ఏ దర్జీ దాన్ని బాగుచేయలేడు. ఎలాస్టిక్ వదులవడం, గుండీ ఊడడం, అంచు కుట్టు విడిపోవడం లెక్కలోకి రావు. ఒక్క గుండీయే లేకపోతే అన్నిటికంటే కిందిదాన్ని తీసి పైన కుట్టి, కింద కాస్త తేడాగా ఉన్నది పెట్టుకోవచ్చు. ఆన్‌లైన్లో కొంటుంటే చంక లోపలివైపు, జిప్, లేబుల్ దగ్గరగా తీసిన ఫొటోలు అడగండి. పంపడానికి ఇష్టపడని వాళ్ల దగ్గర కొనకండి.

కలరా ఉండల వాసన నీడలో, గాలికి కొన్నాళ్లు ఆరేస్తే తగ్గుతుంది. బూజు వాసన అంత తేలిగ్గా వదలదు. ఉన్ని బట్టను మాత్రం నేరుగా బీరువాలో పెట్టకండి, అందులో పురుగుల గుడ్లు ఉండొచ్చు. ప్లాస్టిక్ కవర్లో గాలి చొరకుండా కట్టి, మైనస్ 18 డిగ్రీల ఫ్రీజర్లో రెండు వారాలు ఉంచండి. బయటికి తీశాక చల్లదనం పూర్తిగా పోయేదాకా కవరు విప్పకూడదు, లేదంటే బట్టకు తేమ పడుతుంది.

ఉతికే ముందు లోపలి కుట్టు మీద తడి దూది అద్దండి. దూదికి రంగు అంటితే నీళ్లలో ముంచకండి. రేయాన్ తడిస్తే బలం తగ్గుతుంది, భుజాలు పట్టి ఎత్తకుండా తువ్వాలు మీద పరిచి ఆరబెట్టండి. 1930ల నాటి చమ్కీలు కొన్ని జిలాటిన్‌తో చేసినవి, వేడినీళ్లు తగిలితే కరిగిపోతాయి.

వేసుకునేటప్పుడు ఒక్క అల్లరి వస్తువునే ముందుకు రానివ్వండి. పుట్టగొడుగుల స్కర్టు మీదికి సాదా చొక్కా చాలు. బరువైన బ్రోచ్ పెడితే బట్ట వెనక చిన్న ఫెల్టు ముక్క ఉంచి గుచ్చండి, పల్చటి బట్ట కిందికి జారదు, చిరగదు.