పగ కథ రాసే ముందు ఒక వాయిదాకు వెళ్లండి

కడపలో క్రైమ్ థ్రిల్లర్ తీస్తామని వచ్చే కుర్రాళ్లు నన్ను మొదట అడిగేది కత్తుల గురించి, సుమోల గురించి. నేను వకీలు గుమాస్తాను. కేసు కట్టలు మోయడం, వాయిదాలు రాసుకోవడం నా పని. బిడ్డను పోగొట్టుకున్నవాళ్లు మా ఆఫీసు బెంచీ మీదే కూర్చుంటారు. వాళ్లను చూసిన మనిషిగా చెబుతున్నా, పగకు బలమంతా ఎదురుచూపులోంచే వస్తుంది. స్క్రిప్టు అక్కడి నుంచే కట్టండి.

ముందు దుఃఖం రాయండి. శవం దగ్గరి ఏడుపు ఒక్క షాట్ చాలు. దినాలు అయిపోయి చుట్టాలు వెళ్లాక వచ్చే రోజుల మీద టైమ్ పెట్టండి. చనిపోయినవాడి బండి కంతు కట్టలేదని ఫైనాన్స్ వాళ్లు ఫోన్ చేస్తారు. "వాడు లేడు సార్" అంటాడు నాయన. "ఎప్పుడొస్తాడు?" అంటారు వాళ్లు. ఆ బండేమో స్టేషన్ ఆవరణలో ఎండకు ఎండుతూ ఉంటుంది. కంతు మాత్రం ఆగదు.

తర్వాత కేసు. హత్య 2024 జూలై 1కి ముందు జరిగిందా, తర్వాతా అన్నది మొదటి పేజీలోనే తేల్చుకోండి. ముందైతే ఐపీసీ 302, ఆ రోజు నుంచైతే భారతీయ న్యాయ సంహిత 103. కథకు పనికొచ్చే మలుపు ఇంకొకటి ఉంది. ముద్దాయిని రిమాండ్ చేసిన 90 రోజుల్లో ఛార్జిషీటు పడకపోతే, అతను అడిగి పూచీకత్తు ఇస్తే బెయిల్ హక్కుగా వస్తుంది. సాక్ష్యం ఎంత గట్టిగా ఉన్నా సరే. చంపినవాడు మళ్లీ అదే వీధిలో టీ తాగుతుంటాడు. పగ మొలకెత్తే చోటు అది.

కోర్టులో ఆ ఇంటివాళ్ల వకీలు బల్ల గుద్ది గర్జించే సీను మాత్రం దయచేసి పెట్టకండి. హత్య కేసు నడిపేది పీపీ, అంటే ప్రభుత్వం తరఫు వకీలు. కుటుంబం పెట్టుకున్న వకీలు ఆయనకు సాయం చేయగలడు, అంతే. తన కొడుకు కేసులో అమ్మ కూడా ఒక సాక్షి మాత్రమే, పీడబ్ల్యూ (ప్రాసిక్యూషన్ సాక్షి) ఒకటో రెండో. సీలు వేసిన కవరు చించి, రక్తం ఎండి అట్టకట్టిన చొక్కా ఆమె ముందు పెడతారు. "ఇది మీవాడిదేనామ్మా?" ఆమె చెయ్యి నేరుగా తెగిన గుండీ దగ్గరికి పోతుంది. కుట్టిపెడతానని చెప్పి ఉంటుంది. జడ్జి నోట్ చేసుకుంటారు, ఆ చొక్కా ఎంఓ 1, అంటే కేసులో మొదటి వస్తు సాక్ష్యం అవుతుంది. ఈ సీనుకు నేపథ్య సంగీతం వద్దు.

సాక్షి అడ్డం తిరగడానికి కారణం ప్రతిసారీ బెదిరింపే అని రాస్తే కథ పలచబడిపోతుంది. చెనిక్కాయ పంటకు తెచ్చిన అప్పు ఉంటుంది, అటువైపు ఇచ్చిన ఆడపిల్ల ఉంటుంది. హీరో ఆ సాక్షిని "చిన్నాయనా" అని పిలిచేవాడైతే, మోసం ఇంకా లోతుగా దిగుతుంది. కోర్టు మెట్ల మీద ఒక్క మాట చాలు: "నువ్వు చూసినావు కదా చిన్నాయనా, ఎందుకట్ల చెప్పినావు?"

పగ తీర్చుకునే సీను ఇవన్నీ రాశాకే రాయండి. చంపాక ఏం జరుగుతుందో కూడా చూపించండి. ఇప్పుడు హీరో తల్లి అదే కోర్టుకు ముద్దాయి తల్లిగా వస్తుంది. అవతలి ఇంట్లోనూ ఒక అమ్మ చొక్కా గుర్తుపట్టాలి.

లొకేషన్ సంగతి. గండికోట పురావస్తు శాఖ రక్షణలో ఉంది, అనుమతి లేకుండా కెమెరా దించకండి. కోర్టు హాలు సెట్ వేసుకోవడమే మేలు. దాన్ని సరిగ్గా వేయాలంటే సెషన్స్ కోర్టులో ఒక పూట కూర్చోండి. మామూలుగా విచారణ బహిరంగమే, ఎవరైనా వెనక బెంచీలో కూర్చుని వినొచ్చు. ఫోన్ ఆఫ్ చేసి, నోటుపుస్తకం తీసుకెళ్లండి. బంట్రోతు పేర్లు పిలిచేటప్పుడు ఎవరు ఎలా లేచి నిలబడతారో రాసుకోండి.