క్రాంక్‌షాఫ్టు నైట్రైడింగు: కొలిమికి పంపే ముందు, తిరిగి వచ్చాక

నెల్లూరు, తిరుపతి వైపు నుంచి చెన్నై అంబత్తూరు ఎస్టేటుకు ఇంజన్ తెచ్చే లారీ యజమానులు మా గ్రైండింగు షాపులో తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటి ఉంది: “జర్నల్ గ్రైండింగు చేశాక మళ్లీ నైట్రైడింగు చేయించాలా, అక్కరలేదా?” క్రాంక్‌షాఫ్టు అంటే పిస్టన్ల కదలికతో తిరిగే ఇంజన్ ఇరుసు, జర్నల్ అంటే దాని మీద బేరింగులో తిరిగే గుండ్రటి భాగం, నైట్రైడింగు అంటే కొలిమి వేడిలో ఉక్కు పైపొరలోకి నత్రజని ఎక్కించి గట్టిపరచడం. ఆ షాఫ్టు ఏ ఉక్కుతో చేసినది, దాని పైపొరను మొదట ఏ పద్ధతిలో గట్టిపరిచారు అన్నవి తేలకుండా దీనికి జవాబు చెప్పకూడదు.

ఇండక్షన్ పద్ధతిలో, అంటే విద్యుత్తుతో పైభాగాన్ని వేడిచేసి చల్లార్చి, గట్టిపరిచిన షాఫ్టుకు గట్టిదనం కొన్ని మిల్లీమీటర్ల లోతు వరకు ఉంటుంది కాబట్టి, అరిగిన జర్నల్‌ను తరువాతి చిన్న సైజుకు తగ్గించే మామూలు అండర్‌సైజ్ గ్రైండింగుతో అది పోదు. నైట్రైడింగు చేసిన షాఫ్టుకు ఆ పొర సాధారణంగా 0.3 నుంచి 0.5 మి.మీ. మాత్రమే. జర్నల్ వ్యాసంలో మొదటి సైజుకు 0.25 మి.మీ. తీస్తే పైనుంచి 0.125 పోతుంది, రెండో సైజుకు 0.50 తీస్తే 0.25, మూడో సైజుకు 0.75 తీస్తే 0.375 పోతుంది. పైగా లోపలికి వెళ్లే కొద్దీ గట్టిదనం తగ్గుతూ వస్తుంది. అందుచేత మొదటి సైజుకు పరవాలేదు, రెండో సైజుకు హార్డ్‌నెస్ కొలిచి నిర్ణయించాలి, మూడో సైజుకు మళ్లీ చేయించవలసిందే అన్నది నా పద్ధతి. కరిగిన ఉప్పు స్నానంలో నైట్రోకార్బురైజింగు చేసిన, అంటే నత్రజనితోపాటు కార్బన్ కూడా ఎక్కించిన, షాఫ్టుల సంగతి వేరు. అక్కడ అరుగుదలను ఆపే పైపొర 10 నుంచి 20 మైక్రాన్లే (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) కాబట్టి మొదటి సైజుకే అది మాయమవుతుంది.

పూర్వం ఒకసారి ఈ విచారణ చేయకుండా, ఇండక్షన్ చేసిన మామూలు కార్బన్ ఉక్కు షాఫ్టును నేను నైట్రైడింగుకు పంపాను. 500 డిగ్రీల పైబడిన వేడిలో గంటల తరబడి ఉండేసరికి జర్నల్ గట్టిదనం దిగిపోయింది. ఇక పనికిరాదని తేలాక ఆకురాయి పెట్టి చూస్తే, గాజు మీద జారినట్టు జారవలసినది కసుక్కున పట్టి సన్నని రజను రాల్చింది. ఆ షాఫ్టు ఖర్చు నేనే భరించాను. నత్రజని గట్టి పొరగా నిలవాలంటే ఉక్కులో క్రోమియం, అల్యూమినియం వంటి లోహాలు కలిసి ఉండాలి. 1920ల్లో జర్మనీలోని క్రుప్ సంస్థలో అడాల్ఫ్ ఫ్రై ఇటువంటి ఉక్కుల మీద చేసిన కృషి వల్లనే ఈ విద్య స్థిరపడింది. క్రోమియం కలిసిన ఈఎన్ 19 గ్రేడు ఉక్కుకు విక్కర్స్ అనే గట్టిదనపు కొలతలో 600 ప్రాంతం వస్తే, అల్యూమినియం కలిసిన ఈఎన్ 41బి 900 దాటుతుంది.

పంపే ముందు అయస్కాంత పరీక్షతో పగుళ్లు చూడాలి. ముఖ్యంగా జర్నల్, దాని పక్క గోడ అయిన చెంప కలిసే మూలలోని ఫిల్లెట్ వంపు దగ్గర, ఎందుకంటే షాఫ్టు విరగడం మొదలయ్యేది అక్కడే. నైట్రైడింగు ఆ వంపులో నొక్కుడు ఒత్తిడిని నింపి పగులు పుట్టకుండా కాపాడుతుంది కాబట్టి, ఫిల్లెట్ రేడియస్‌ను కంపెనీ కొలతలోనే ఉంచి గ్రైండింగు చేయాలి. షాఫ్టు వంగి ఉంటే ఇప్పుడే సరిచేసి, లోపలి ఒత్తిడిని వేడితో వదిలించే స్ట్రెస్ రిలీవింగు కూడా చేయించాలి. నైట్రైడింగు తరువాత ప్రెస్సు కింద పెట్టి నిఠారు చేస్తే పైపొర పగులుతుంది. వ్యాసం 10 నుంచి 20 మైక్రాన్లు పెరుగుతుందని లెక్కలో ఉంచుకొని చివరి సైజు తీయాలి. ఆయిల్ రంధ్రాల ప్లగ్గులు విప్పి, నూనె, తుప్పు, చేతి మరకలు లేకుండా కడగాలి. మరక ఉన్నచోట పొర సరిగా పట్టదు. నత్రజని పట్టకూడని మరలకు, కీ గాడికి రాగి పూత గాని నిరోధక పెయింటు గాని వేయించాలి.

కొలిమి వారికి నోటిమాటగా చెప్పి రావద్దు. ఉక్కు గ్రేడు, కావలసిన పొర లోతు, విక్కర్స్ హార్డ్‌నెస్, పూత వేసిన చోట్లు కాగితం మీద రాసి ఇవ్వండి. ఉక్కును మొదట టెంపర్ చేసిన (పెళుసుదనం తగ్గించడానికి మళ్లీ కాచిన) వేడి నైట్రైడింగు వేడి కన్నా కనీసం 30 డిగ్రీలు ఎక్కువగా ఉండాలి, లేకపోతే లోపలి బలం తగ్గుతుంది. షాఫ్టును పడుకోబెట్టకుండా నిలువుగా వేలాడదీయమని అడగండి. షాఫ్టును కోసి చూడలేము కనుక అదే ఉక్కు ముక్కను దానితోపాటు కొలిమిలో పెట్టించి, ఆ ముక్కను కోసి లోతు కొలిపించండి. అమ్మోనియా వాయువుతో 0.5 మి.మీ. పొర పట్టడానికి సుమారు 50 గంటలు, ఒక్కోసారి అంతకు మించి పడుతుంది. మరునాటికే ఇస్తామన్న వారిని ఆ ముక్క కొలతలు తప్పక అడగాలి.

తిరిగి వచ్చిన షాఫ్టు అంతటా ఒకే తీరు బూడిదరంగులో ఉండాలి. మచ్చలుగా మెరుస్తుంటే అక్కడ పొర పట్టలేదని అనుమానించాలి. వి-బ్లాకుల మీద పెట్టి డయల్ గేజితో వంపు చూసి, మరోసారి పగుళ్ల పరీక్ష చేయించి, పైన ఏర్పడిన పెళుసైన తెల్లపొరను సన్నని పాలిష్‌తో మాత్రమే తీయాలి. ఆయిల్ రంధ్రాలను బ్రష్‌తో తోమి, గాలి కొట్టి శుభ్రం చేయాలి. పాలిష్ చేసిన జర్నల్ మన చెన్నై ఉప్పుగాలికి, అందులోనూ అక్టోబరు నుంచి డిసెంబరు వరకు పడే వానల్లో, రాత్రికి రాత్రే తుప్పు పట్టగలదు. ఫిట్టింగు మరునాటికి వాయిదా పడితే, నూనె పూసి కాగితం చుట్టిన తరువాతనే షాపు మూయండి.