చిన్న స్పీకర్లను చెవితో తూచడం

హనుమకొండలో మా ముందుగది పన్నెండడుగుల పొడవు, పదడుగుల వెడల్పు. అలమరలో పట్టే స్పీకర్ల జత కోసం దుకాణానికి వెళ్తే, అమ్మే అబ్బాయి శబ్దం పెంచి "విన్నారా సార్!" అన్నాడు. అక్కడే బోల్తా పడ్డాను. కాస్త గట్టిగా మోగేదే మన చెవికి మేలుగా తోస్తుంది. అందుకే రెండు జతలను పోల్చేముందు శబ్దాన్ని ఒకే స్థాయికి తీసుకురండి. ఫోనులో శబ్దం కొలిచే యాప్ చాలు.

స్పీకర్ల మధ్య ఎంత దూరమో, వాటికీ మీకూ దాదాపు అంతే ఉండాలి. సన్నని శబ్దాలు పలికే చిన్న భాగం, అంటే ట్వీటర్, చెవి ఎత్తుకు రావాలి. గోడ మూలకు ఆనిస్తే బేస్, అంటే లోతైన శబ్దం, ఉబ్బిపోతుంది.

నేను మొదట వినేది పాట కాదు, మాట. మా అమ్మ మాటలు ఫోనులో రికార్డు చేసి ఉంచుకున్నాను. ఆ గొంతు డబ్బాలోంచి వచ్చినట్టున్నా, 'స', 'ష'లు చెవిలో గుచ్చుకున్నా ఆ జత నాకొద్దు. కళ్లు మూసుకుంటే అమ్మ రెండు స్పీకర్ల నడుమ కూర్చోవాలి. ఆ గొంతు గదంతా చెదిరిపోతే, ఒకదాని తీగల్లో ఎరుపు, నలుపు తారుమారయ్యాయేమో చూడండి.

తర్వాత ఒగ్గు కథలో మోగే డోలు. దెబ్బ చటుక్కున పడి, చటుక్కున ఆగాలి. బేస్ పలికే నాలుగంగుళాల వూఫర్ 60 హెర్ట్జ్ కన్నా లోతైన శబ్దాలకు దిగలేకపోతే కోప్పడను. లేని బేస్ ఉన్నట్టు బుకాయించి గొణిగేవాటి మీదే నా కోపం.

రాత్రిపూట తక్కువ శబ్దంతో అరగంట వినండి. తల బరువెక్కితే తిరిగిచ్చేయండి. తిరిగి తీసుకుంటామన్న షరతు మాత్రం కొన్నరోజే బిల్లు మీద రాయించుకోండి.