శ్రీశైలం డ్యామ్ దిగువన: గేట్లు మూసి ఉన్నప్పుడు పాటించవలసిన జాగ్రత్తలు

శ్రీశైలం జలాశయానికి వరద మొదలయ్యే జూలై నుంచి అది తగ్గుముఖం పట్టే అక్టోబరు దాకా, నల్లమల లోయ అందం చూడాలని డ్యామ్ దిగువనున్న లింగాలగట్టు ఊరి వైపు వచ్చేవారందరూ ముందుగా వాకబు చేసేది గేట్లు ఎత్తారా లేదా అన్న సంగతే. ఎత్తారంటే దూరం నుంచి చూస్తారు, ఎత్తలేదంటే నదిలోకి దిగుతారు. ఈ రెండో నిర్ణయం చాలా సందర్భాల్లో పొరపాటే.

కృష్ణ దిగువకు రావడానికి ఆ 12 గేట్లే దారి కాదు. కుడిగట్టు జలవిద్యుత్ కేంద్రంలో 110 మెగావాట్ల యూనిట్లు 7, ఎడమగట్టు భూగర్భ కేంద్రంలో 150 మెగావాట్ల యూనిట్లు 6 ఉన్నాయి. ఇవన్నీ నడిస్తే 60 వేల క్యూసెక్కులకు పైగా నీరు లోయలోకి చేరుతుంది. ఒక గేటును 10 అడుగులు ఎత్తితే వచ్చేది సుమారు 27 వేల క్యూసెక్కులు కనుక, గేట్లన్నీ మూసి ఉన్న రోజున కూడా రెండు గేట్లు ఎత్తినంతకన్నా ఎక్కువ నీరు మన కాళ్ళ ముందు పారుతూ ఉండవచ్చు. పైగా గేటు ఎత్తితే హోరు, తుంపర ముందే హెచ్చరిస్తాయి. టర్బైన్ల నీరు అడుగున వచ్చి కలిసిపోతుంది కాబట్టి ఒడ్డున ఉన్నవారికి మట్టం పెరిగాక గాని తెలియదు.

యూనిట్లు ఎప్పుడు నడవాలన్నది విద్యుత్ గిరాకీని బట్టి ఉంటుంది, యాత్రికుల రాకపోకలను బట్టి కాదు. జలవిద్యుత్ యూనిట్‌ను నిమిషాల్లో నడపవచ్చు, నిమిషాల్లో ఆపవచ్చు. ఎడమగట్టు యూనిట్లు రివర్సిబుల్ రకానివి, అంటే దిగువ నీటిని తిరిగి జలాశయంలోకి తోడగలవు కూడా. అందువల్ల నీరు తగ్గిందన్నది భద్రతకు గుర్తు కానేకాదు.

ఇందులో దిగువనున్న నాగార్జునసాగర్ జలాశయం మట్టం పాత్ర కూడా ఉంది. సాగర్ పూర్తి మట్టమైన 590 అడుగుల దగ్గర ఉన్నప్పుడు దాని వెనుక జలాలు శ్రీశైలం డ్యామ్ పాదం దాకా వస్తాయి, లోయ అంతా లోతైన చెరువులా నిలకడగా ఉంటుంది. సాగర్ అడుగంటి ఉండి శ్రీశైలం నిండుతున్న రోజుల్లో మాత్రం నది మధ్య బండలు తేలి, నడిచి వెళ్ళడానికి వీలుగా కనిపిస్తాయి. అప్పుడే పై నుంచి విద్యుదుత్పత్తి మొదలవుతుంది. నా దృష్టిలో ఏడాది మొత్తంలో ఈ లోయకు అన్నిటికన్నా ప్రమాదకరమైన రోజులు ఇవే, వరద పోటెత్తే రోజులు కావు. వరదను చూసి అందరూ భయపడతారు, తేలిన బండను చూసి ఎవరూ భయపడరు.

2014 జూన్ 8న హిమాచల్ ప్రదేశ్‌లోని మండి జిల్లా థలౌట్ వద్ద బియాస్ నదిలో జరిగింది ఇలాంటిదే. హైదరాబాద్ నుంచి విహారయాత్రకు వెళ్ళిన ఇంజినీరింగ్ విద్యార్థులు బండల మీద ఫొటోలు తీసుకుంటూ ఉండగా, ఎగువన లార్జీ డ్యామ్ నుంచి వదిలిన నీరు వారిని చుట్టుముట్టింది. 24 మంది విద్యార్థులు ప్రాణాలు కోల్పోయారు.

బయలుదేరే ముందు పత్రికల్లో వచ్చే జలాశయాల వివరాలు చూడాలి. శ్రీశైలం పూర్తి మట్టం 885 అడుగులు. నీరు 880 దాటి, ఎగువనున్న జూరాల, సుంకేశుల ప్రాజెక్టుల నుంచి వచ్చే వరద పెరుగుతున్నదంటే గేట్లు ఎత్తే అవకాశం దగ్గరపడినట్టే. అక్కడికి చేరాక బండలను పరిశీలించాలి. నీటి అంచుకు పైన జానెడో మూరెడో మేర ఇంకా ఆరని తడి చార కనిపిస్తే, కాసేపటి క్రితం దాకా మట్టం అంతవరకు ఉన్నదని, మళ్ళీ అంతవరకు రాగలదని అర్థం. అంచున ఒక చిన్న రాయి పెట్టి పావుగంట గమనించండి. రాయి మునిగితే సామాను సర్దుకోవడానికి కూడా ఆగకండి. నది వెంబడి పరుగెత్తకుండా ఒడ్డు మీదికి, ఎత్తుకు ఎక్కాలి. ఒడ్డుతో కలిసి ఉన్న బండ మీద మాత్రమే కూర్చోవాలి, మధ్యలో పాయ దాటి చేరవలసిన బండ ఎంత బాగున్నా దాని జోలికి పోకూడదు.

స్నానం చేయదలిస్తే మెట్లున్న ఘాట్ దగ్గరే, మోకాలి లోతు మించకుండా, పెద్దవారు ఒకరు ఒడ్డున నిలబడి నీటిని చూస్తూ ఉండగా చేయాలి. పిల్లలు పెద్దల చేతికి అందేంత దూరం దాటకూడదు. మత్స్యకారుల పుట్టి ఎక్కాలన్న సరదా చాలామందికి ఉంటుంది. అది వారి జీవనోపాధి సాధనం, వారికి ఆ నీటి తీరు తెలుసు, మనకు తెలియదు. లైఫ్ జాకెట్ లేనిదే ఎక్కవద్దు. దిగడం మంచిదా కాదా అని వారినే అడిగి, వద్దంటే వాదించకుండా వెనక్కి రండి.

ఎవరైనా కొట్టుకుపోతే వెంటనే దూకడం వల్ల ఒకరికి బదులు ఇద్దరు మునుగుతారు. కారులో ఒక పొడవాటి తాడు, మూత బిగించిన ఖాళీ ప్లాస్టిక్ క్యాను ఉంచుకుని, వాటిని విసరాలి.

గేట్లు ఎత్తిన సెలవు రోజున ఘాట్ రోడ్డులో వాహనాలు గంటల తరబడి నిలిచిపోతాయి. వంతెన మీదా మలుపుల్లోనూ బండి ఆపరాదు, వర్షంలో కొండచరియల కింద నిలపరాదు. హైదరాబాద్ దారిలో అటవీశాఖ చెక్‌పోస్టులు రాత్రి వేళ మూసేస్తారు కాబట్టి తిరుగు ప్రయాణం పగలే పెట్టుకోవాలి. అడవిలో చాలా చోట్ల సిగ్నల్ అందదు.

సాయం కోసం 112కు గాని 108కి గాని ఫోన్ చేస్తే ముందుగా ఏ ఒడ్డున ఉన్నారో చెప్పాలి. ఇక్కడ నదే సరిహద్దు: ఎడమ ఒడ్డు తెలంగాణది, కుడి ఒడ్డు ఆంధ్రప్రదేశ్‌ది. మీ ఫోన్ అవతలి ఒడ్డు టవర్‌కు తగులుకుంటే కాల్ పక్క రాష్ట్రానికి వెళ్ళవచ్చు. ఊరి పేరుతో పాటు రాష్ట్రం పేరు కూడా స్పష్టంగా చెబితే మనుషులు సరైన ఒడ్డుకు వస్తారు.