ఇటలీలో ఊరి చర్చిని ఎలా చూడాలి

మా పిన్ని కూతురు వాళ్లు హైదరాబాద్ నుంచి ఇటలీ టూర్‌కి వెళ్తున్నారు, రోమ్, ఫ్లోరెన్స్, వెనిస్ అన్నీ బుక్ అయిపోయాయి, నేను మాత్రం ఒక్క పూట ఖాళీ పెట్టుకుని ఏదో ఒక పల్లెటూరి చర్చికి వెళ్లి రమ్మన్నా. మ్యూజియంలో బొమ్మని దాని చోటు నుంచి తెచ్చి పెడతారు కదా, ఊరి చర్చిలో అయితే ఎవరి కోసం గీశారో ఆ ఊరివాళ్ల మధ్యే ఉంటుంది. వాళ్లకి చెప్పిందే ఇక్కడ రాస్తున్నా.

పొద్దున్నే వెళ్లండి, మధ్యాహ్నం చాలా చోట్ల తాళం వేస్తారు. భుజాలు, మోకాళ్లు కప్పుకోవాలి. పూజ జరుగుతుంటే లోపల తిరగొద్దు. జేబులో ఒక యూరో, యాభై సెంట్ల నాణేలు ఉంచుకోండి, కొన్ని చర్చిల్లో పక్కనున్న డబ్బాలో నాణెం వేస్తేనే బొమ్మ మీద లైటు వెలుగుతుంది, కాసేపటికి ఆరిపోతుంది.

లోపలికి వెళ్లగానే జ్ఞానస్నానం తొట్టి ఎక్కడుందో వెతకండి. పాతకాలంలో చుట్టుపక్కల పల్లెలన్నిటికీ కలిపి ఒక్క చర్చిలోనే ఈ తొట్టి ఉండేది, దాన్ని పియెవె అంటారు, పిల్లల్ని ఎత్తుకుని అందరూ అక్కడికే నడిచి వచ్చేవాళ్లు. 1563లో ట్రెంట్ సభ, అంటే కతోలిక మతపెద్దల సమావేశం, జ్ఞానస్నానాలు, పెళ్లిళ్లు రిజిస్టర్లో రాయాల్సిందే అని ఊరి చర్చి ఫాదర్లకి చెప్పింది, అందుకే చాలా ఊళ్ల చరిత్ర ఆ పుస్తకాల్లోనే దొరుకుతుంది.

ఇక బొమ్మలు. మనం గుళ్లో వీణ చూసి సరస్వతి అని, ఎలుకని చూసి వినాయకుడు అని ఎలా గుర్తుపడతామో ఇక్కడ సెయింట్ల బొమ్మలూ అంతే, ముఖం కాదు చేతులు చూడాలి. తాళంచెవులుంటే పేతురు, కత్తి ఉంటే పౌలు, పళ్లెంలో రెండు కళ్లుంటే లూసీ, పక్కన పంది ఉంటే అంతోని, చర్మం ఒలిచే కత్తి ఉంటే బర్తొలొమయి. వెళ్లే ముందు ఒక ఆదివారం మన గన్‌ఫౌండ్రీ సెయింట్ జోసెఫ్ కెథెడ్రల్‌కి వెళ్లి అక్కడున్న విగ్రహాలతో ప్రాక్టీస్ చేయండి.

తొడ మీద పుండు చూపిస్తూ పక్కన కుక్కతో ఒకాయన కనిపిస్తే ఆయన రోకో, ప్లేగు నుంచి కాపాడతాడని నమ్మేవాళ్లు. 1630లో ఉత్తర ఇటలీని ప్లేగు ఊడ్చేసింది, ఆ భయంలో మొక్కుకుని వేయించిన బొమ్మలు చాలా ఉన్నాయి. 1813లో వచ్చిన గత్తర తర్వాతే సికింద్రాబాద్‌లో మహంకాళి గుడి కట్టారు, బోనాలు మొదలయ్యాయి అని మనం చెప్పుకుంటాం కదా, ఆ బొమ్మ ముందు నిలబడితే నాకు అదే గుర్తొస్తుంది. గోడకి వెండి గుండెలు, పి.జి.ఆర్. అనే అక్షరాలు కనిపిస్తే అవి మొక్కు తీరిన గుర్తులు, మనవాళ్లు గుళ్లో వెండి కళ్లు సమర్పించినట్టే.

గోడ బొమ్మ, అంటే ఫ్రెస్కో ఉంటే తొందరపడకండి. తడి సున్నం ఆరకముందే రంగు వేయాలి, కాబట్టి ఆ రోజు ఎంత గీయగలరో అంతే సున్నం పూసేవాళ్లు. పక్క నుంచి వంగి చూస్తే ఒక రోజు పని, మరుసటి రోజు పని కలిసిన అతుకు సన్నటి గీతలా కనిపిస్తుంది, కొన్నిసార్లు ఒక్క ముఖానికే ఒక రోజు పట్టిందని తెలుస్తుంది. మరియమాత వస్త్రం మాత్రం చాలాసార్లు పెచ్చులూడి నల్లగా ఉంటుంది, ఎందుకంటే ఆ నీలం రంగుని సున్నం ఆరాక పైన వేసేవాళ్లు, అది గోడలో కలవదు. ఫ్లాష్ వాడొద్దు, ముట్టుకోవద్దు.

ఫ్లోరెన్స్ వెళ్లేవాళ్లు రెజ్జెల్లో దగ్గర కాషా ఊరికి వెళ్లండి, నా మాట వినండి. ఆ పక్కనే శాన్ జొవెనాలె అనే చిన్న చర్చిలో 1961లో ఒక మూడు పలకల బొమ్మ బయటపడింది, కింద 1422 ఏప్రిల్ 23 అని రాసుంది, మసాచ్చొ అనే చిత్రకారుడు వేసిందని తేల్చారు, అప్పటికి అతనికి ఇరవై ఏళ్లే. ఇప్పుడు కాషా పెద్ద చర్చి పక్కనున్న మ్యూజియంలో ఉంది. మధ్య పలక దగ్గర ఆగి పిల్లాడిని, అంటే బాల యేసుని, చూడండి, ఒక చేతిలో ద్రాక్షపళ్లు, ఇంకో చేతి వేళ్లు నోట్లో, రసం చప్పరిస్తున్నట్టు. ద్రాక్ష అంటే పూజలో ఇచ్చే రసం, అంటే యేసు రక్తం, ఆ సంగతి ఊళ్లో అందరికీ తెలుసు, కానీ పిల్లాడు మాత్రం అచ్చం మనింట్లో పిల్లల్లాగే తింటున్నాడు.