బొర్రా చూసిన ధీమాతో కాంగేర్ వెళ్లకండి

పైడితల్లమ్మ సిరిమానోత్సవం అయిపోయిందంటే మన విజయనగరం వాళ్ల మనసు కొండల మీదికి మళ్లుతుంది. కార్తికంలో అరకు, బొర్రా వనభోజనాలు ఎలాగూ ఉన్నవే. ఈ మధ్య కొందరు సాలూరు ఘాట్ ఎక్కి ఒడిశాలోని కొరాపుట్, జయపురం మీదుగా ఛత్తీస్‌గఢ్‌లోని జగదల్‌పూర్ దాకా వెళ్తున్నారు. అక్కడికి దగ్గర్లోనే కాంగేర్ లోయ జాతీయ ఉద్యానం ఉంది. 1982లో ప్రకటించిన ఈ 200 చదరపు కిలోమీటర్ల అడవిలో సున్నపురాతి గుహలు, తీరథ్‌గఢ్ జలపాతం, మనిషి గొంతును అనుకరించే కొండ గోరింకలు ఉన్నాయి. తప్పకుండా చూడండి. అయితే బయలుదేరే ముందు నాలుగు మాటలు.

ముందుగా, గుహ తెరిచారో లేదో కనుక్కోండి. వానాకాలంలో నీళ్లు చేరతాయని అక్కడి కుటుంసర్ గుహను మూసేస్తారు. సాధారణంగా నవంబరులో తెరుస్తారు కానీ వానలు వెనకబడితే అదీ వెనకబడుతుంది. దసరా సెలవుల్లోనే పిల్లలను తీసుకెళ్లి గేటు దగ్గర నుంచే తిరిగొచ్చిన వాళ్లు నాకు తెలుసు.

బొర్రాలో మెట్లున్నాయి, పట్టుకోవడానికి కమ్మీలున్నాయి, రంగురంగుల దీపాలున్నాయి. కుటుంసర్ అలా కాదు. ఒదిగి, వంగి దిగాలి. లోపల గైడు చేతిలో దీపమే దిక్కు. మేం వెళ్లినప్పుడు మా బావ కొత్త తోలు చెప్పులు వేసుకొచ్చాడు. బూట్లు వేసుకోమంటే నవ్వాడు. తడిసిన సున్నపురాయి సబ్బు అరిగినట్టు నున్నగా ఉంటుంది. చెయ్యి ఆనించబోయి పడ్డాడు, మణికట్టు విరిగింది. అదే ఇరుకు దారిలో ఆయనను పైకి తేవడానికి అరగంట పట్టింది. వెనక ఉన్న వాళ్లంతా ఊపిరాడక చిరాకు పడుతూనే ఉన్నారు. కాబట్టి అడుగు గట్టిగా పట్టే బూట్లు వేసుకోండి, చేతులు ఖాళీగా ఉంచుకోండి, ఫోను దీపాన్ని నమ్ముకోకుండా వేరే టార్చి ఒకటి జేబులో పెట్టుకోండి. ఉబ్బసం, గుండె జబ్బు, మోకాళ్ల నొప్పులు ఉన్నవాళ్లు పైనే ఆగితే మంచిది. గబ్బిలాల రెట్ట ధూళి ఊపిరితిత్తులకు పడదు, మాస్కు పెట్టుకోండి.

లోపల ఒక నీటి మడుగు దగ్గర గైడు దీపం వంచి, వేలెడైనా లేని పాలిపోయిన చేపను చూపించాడు. చీకట్లోనే తరతరాలు గడిపిన జాతి అది, కళ్లతో పని లేకుండా పోయింది. పక్కనున్న పిల్లాడు వెంటనే నీళ్లలో చెయ్యి పెట్టబోయాడు. ఆపండి. పైనుంచి వేలాడే రాతి ఊడలనూ తాకనివ్వకండి. చేతి జిడ్డు అంటితే ఆ రాయి నల్లబడుతుంది, పెరుగుదలా దెబ్బతింటుంది.

జంతువుల సంగతికి వస్తే, పులి కనిపిస్తుందేమోనన్న భయం అనవసరం. భయపడాల్సింది ఎలుగుబంటికి. అది ఊళ్లలోకే వచ్చే శ్రీకాకుళం జిల్లా ఉద్దానం వాళ్లకు దాని గురించి నేను చెప్పాలా? చూపు మందం, ఉలిక్కిపడితే మీద పడుతుంది. అందుకే పొదల మధ్య కాలిబాటలో నిశ్శబ్దంగా నడవకండి, మాట్లాడుకుంటూ నడవండి. తేనెపట్టు ఉన్న కొండచరియ కింద అత్తరు ఘాటు, సిగరెట్టు పొగ రెండూ ముప్పే. జాతీయ ఉద్యానంలో నిప్పు రాజేయడం, అనుమతి లేకుండా లోపలికి పోవడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. వంటసామాను బండిలో వేసుకునేవాళ్లు గుర్తుంచుకోవాలి.

నా దృష్టిలో అడవి కంటే పెద్ద గండం తిరుగు ప్రయాణం. అలసిపోయి, చీకటి పడ్డాక, మంచులో ఘాట్ దిగుతాం. ఏ గేరులో ఎక్కామో అదే గేరులో దిగాలని సాలూరు లారీ డ్రైవర్లు చెబుతారు. డీజిల్ మిగల్చాలని న్యూట్రల్‌లో దిగితే బ్రేకులు వేడెక్కి కాలిన వాసన వస్తుంది. ఆ వాసన వస్తే వెడల్పాటి చోట ఆపి చల్లారనివ్వండి, చక్రాల మీద నీళ్లు మాత్రం పోయకండి. రాత్రి కొరాపుట్‌లోనో జయపురంలోనో పడుకుని పొద్దున్నే దిగడం ఇంకా మేలు. బండి వద్దనుకుంటే విజయనగరం మీదుగా జగదల్‌పూర్‌కు హీరాఖండ్ ఎక్స్‌ప్రెస్ ఉంది.

ఇంటికి వచ్చాక బట్టలన్నీ వేడినీళ్లలో ఉతకండి. పిల్లలకు స్నానం చేయిస్తూ చంకలు, గజ్జలు, నడుము దగ్గర చూడండి. సిగరెట్టుతో కాల్చినట్టు నల్లటి పక్కు కనిపించి, జ్వరం కూడా ఉంటే అది స్క్రబ్ టైఫస్ కావచ్చు. గడ్డిలో ఉండే చిగ్గర్ అనే చిన్న పురుగు కుట్టడం వల్ల వస్తుంది, త్వరగా గుర్తిస్తే మామూలు మాత్రలతోనే తగ్గుతుంది. బస్తర్, కొరాపుట్ అడవుల్లో ప్రాణం మీదికి తెచ్చే రకం మలేరియా ఉంది. అది వారం, రెండు వారాల తర్వాత బయటపడుతుంది. అప్పటికి ప్రయాణం సంగతే మరిచిపోతాం, వైరల్ జ్వరమని రెండు రోజులు మాత్రలు మింగుతాం. డాక్టరు అడగకపోయినా అడవికి వెళ్లొచ్చానని, ఏ తేదీన వెళ్లారో మీరే చెప్పి, జ్వరం వచ్చిన రోజే రక్తపరీక్ష చేయించుకోండి.