వాలరాంట్ నేర్చుకుందాం – నాలుగో పాఠం: మీరు పడితే వెనక ఎవరున్నారు?

వాలరాంట్ అంటే ఐదుగురేసి ఉన్న రెండు జట్లు తలపడే కంప్యూటర్ తుపాకీ ఆట. గత మూడు పాఠాల్లో చూసిందంతా ఒంటరి సాధన. మౌస్ సెన్సిటివిటీ కుదుర్చుకోవడం, క్రాస్‌హెయిర్‌ను (తెర మధ్యలోని గురి గుర్తును) తల ఎత్తులో పట్టుకుని నడవడం, కాల్చే ముందు కాళ్లు ఆపడం. రోజుకో డెత్‌మ్యాచ్ (జట్లు లేకుండా ఎవరికివారు కాల్చుకునే ఆట) ఆడమని, గెలుపు సంగతి వదిలేసి ఆగి కాల్చడం ఒక్కటే గమనించుకోమని మూడో పాఠం చివర చెప్పాను. అది చేయనివాళ్లు కూడా ఈ పాఠం చదవొచ్చు, కాకపోతే సగమే పనికొస్తుంది. ఎందుకో మధ్యలో తెలుస్తుంది.

ఇక ఈ పాఠం నుంచి ఐదుగురి ఆట.

ముందు నా సంగతి చెప్తాను. సిల్వర్ అనే కింది ర్యాంకులో ఏడెనిమిది నెలలు ఇరుక్కుపోయాను. డెత్‌మ్యాచ్‌లో బాగానే కాల్చేవాణ్ణి. ర్యాంక్ మ్యాచ్‌కి వెళ్తే స్కోర్‌బోర్డులో నా పేరు పైనే ఉండేది, మ్యాచ్ మాత్రం 9-13తో పోయేది. తప్పంతా జట్టుదేనని నాకు గట్టి నమ్మకం. ఒక ఆదివారం మా పిన్ని కొడుకు పక్కన కూర్చుని చూస్తూ, "అన్నా, నువ్వు చచ్చినప్పుడల్లా నీ చుట్టుపక్కల ఎవరూ ఉండరేంటి?" అన్నాడు. వాడికి ఈ గేమ్ రాదు. మినీమ్యాప్ (తెర మూలన ఉండే చిన్న పటం) మీద చుక్కలు చూసి అడిగాడంతే. కోపమొచ్చింది కానీ, ఆ రాత్రి రికార్డింగ్ చూసుకుంటే వాడు చెప్పింది అక్షరాలా నిజం.

ట్రేడ్ అంటే మీ జట్టువాణ్ణి కొట్టిన శత్రువును వెంటనే, వాడు దాక్కునేలోపే మీరు కొట్టడం. మాట చిన్నదే, లెక్క పెద్దది. మొదటి చావుతో ఆట ఐదుకి నాలుగు అవుతుంది. ట్రేడ్ పడితే నాలుగుకి నాలుగు. మీరు దాడి చేసే వైపు ఉంటే ఈ నాలుగుకి నాలుగు సమానం కూడా కాదు, మీకే లాభం. మీ నలుగురూ ఒకేచోట ఉంటారు, కాపలా కాసేవాళ్లు రెండు సైట్లకు (దాడి జట్టు స్పైక్ అనే బాంబు పెట్టే చోట్లకు) చీలి ఉంటారు. హేవెన్ మ్యాప్‌లో అయితే మూడు సైట్లకు.

కబడ్డీ ఆడినవాళ్లకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. కూతకొచ్చినవాడి కాలు కార్నర్ ఆటగాడు పట్టుకున్నాడనుకోండి. పక్కవాడు ఆ క్షణంలోనే మీద పడితే పట్టు నిలుస్తుంది. ఒక్క అర సెకను చూస్తూ నిలబడితే, కూతగాడు ఆ ఒక్కణ్ణీ ఈడ్చుకుంటూ పోయి గీత తాకేస్తాడు. కాలు పట్టినవాడిది తప్పా? చూసేవాళ్లు అతన్నే తిడతారు. అసలు తప్పు పక్కన నిలబడ్డవాడిది.

రెండోవాడికి పని ఎందుకు తేలిక?

మొదట వెళ్లేవాడికి శత్రువు ఎక్కడున్నాడో తెలియదు. నాలుగు మూలలు చూడాలి. శత్రువు మాత్రం ఒకే మూలకు గురిపెట్టి కూర్చుంటాడు. అందుకే మొదటివాడు ఓడిపోవడం మామూలే, అందులో సిగ్గుపడాల్సింది లేదు. కానీ అతను పడిన క్షణంలో మొత్తం తిరగబడుతుంది. శత్రువు ఎక్కడున్నాడో మీకు తెలిసిపోయింది. వాడి గురి మీ మీద లేదు, పడినవాడు నిలబడ్డ చోట ఉంది. వరసగా కాల్చి ఉంటే తుపాకీ పైకి ఎగిరిపోయి ఉంటుంది. చాలాసార్లు దెబ్బ కూడా తగిలి ఉంటుంది.

ఆ దెబ్బ సంగతి కాస్త లెక్కగా చూద్దాం. 1000 క్రెడిట్లు (గేమ్‌లోని డబ్బు) పెట్టి కొన్న కవచం వేసుకున్నవాడి మొత్తం బలం 150. వాండల్ అనే రైఫిల్‌తో తలకు తగిలితే 160, ఎంత దూరమైనా ఒక్క తూటాకే పోతాడు. ఒంటికి తగిలితే 40. ఫాంటమ్ అనే రైఫిల్ అయితే దూరం పెరిగాక తలకు 140కి తగ్గుతుంది, అంటే మిగిలేది 10. మీవాడు ఫాంటమ్‌తో దూరం నుంచి తలకొట్టి చచ్చిపోయాడంటే, ఎదుటివాడి కాలికి ఒక్క తూటా తగిలినా చాలు. ఆ పని రెండోవాడు చేయాలి. మూడో పాఠం సాధన చేయనివాళ్లు పరుగెడుతూ కాల్చి, ఆ ఒక్క తూటా కూడా తగిలించలేక చచ్చిపోతారు. ఇందాక సగమే పనికొస్తుందన్నది అందుకే.

ఎంత దూరంలో ఉండాలి?

ఈ పాఠంలో ముఖ్యమైన ప్రశ్న ఇదే. చేతిలో వాండల్‌లాంటి రైఫిల్ ఉంటే పరుగు వేగం సెకనుకు 5.4 మీటర్లు. కొట్టినవాడు గోడ వెనక్కి జరగడానికి సెకను చాలు. మీరు పది మీటర్ల వెనక ఉంటే చేరేసరికి రెండు సెకన్లు. అప్పటికి వాడు తుపాకీ లోడ్ చేసుకుని, కొత్త మూలలో మీకోసం ఎదురుచూస్తుంటాడు. మీరు అక్కడికి ట్రేడ్ చేయడానికి కాదు, రెండో శవంగా వెళ్తారు. కాబట్టి ముందున్నవాడికీ మీకూ మధ్య ఒక్క సెకను పరుగు, అంటే నాలుగైదు మీటర్లకు మించి ఉండకూడదు.

అలాగని భుజం భుజం రాసుకునేలా వెళ్లినా ప్రమాదమే. ఒకే ఫ్లాష్‌కు ఇద్దరూ గుడ్డివాళ్లవుతారు. రేజ్ అనే ఏజెంట్ (ఆటలో మనం ఎంచుకునే పాత్ర) గ్రెనేడ్ పడితే ఇద్దరికీ తగులుతుంది. ముందువాడు వెనక్కి రావాలంటే మీరే అడ్డం. తలుపు దగ్గర చెప్పుల కోసం గుమిగూడినట్టు ఉంటుంది.

దూరం కంటే చాలామంది మరిచిపోయేది వరస. ముందువాడి వీపు వెనక అదే గీతలో వెళ్లకండి. మీవాడు పడగానే శత్రువు గురి ఆ గీత మీదే ఉంటుంది, మీరు నేరుగా దానిలోకి నడుస్తారు. ముందువాడు గోడకు దగ్గరగా వెళ్తే, మీరు మూల నుంచి వెడల్పుగా, రెండడుగులు బయటికి వచ్చి తిరగాలి. శత్రువు మౌస్ కదపాల్సి వస్తుంది. ఆ కదిపే సమయమే మీకు దొరికే లాభం.

అసెంట్ మ్యాప్‌లో A సైట్

ఒక చోటు తీసుకుని వివరంగా చూద్దాం. అసెంట్‌లో A మెయిన్ (A సైట్‌కు వెళ్లే ప్రధాన దారి) నుంచి సైట్‌లోకి వెళ్తున్నారు. ఓమెన్ అనే ఏజెంట్ దగ్గర రెండు స్మోక్‌లుంటాయి (చూపుకు అడ్డుపడే పొగలు), ఒకటి హెవెన్ (సైట్‌ను పైనుంచి చూసే ఎత్తు చోటు) మీద, ఇంకొకటి ట్రీ దారి మీద వేస్తాడు. ఇప్పుడు ప్రమాదం మిగిలింది సైట్ లోపలే, ముఖ్యంగా జనరేటర్ వెనక, పెట్టెల వెనక, హెవెన్ కింద. మీ జట్టులోని జెట్ అనే ఏజెంట్ డాష్ (క్షణంలో ముందుకు దూకే శక్తి) కొట్టి లోపలికి దూసుకుపోయింది.

సిల్వర్‌లో తర్వాత ఏం జరుగుతుందో ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. మిగతా నలుగురూ మెయిన్‌లోనే నిలబడి, జెట్ ఎలా ఆడుతుందో సినిమా చూసినట్టు చూస్తారు. జెట్ ఒకరిని దెబ్బతీసి చచ్చిపోతుంది. అప్పుడు ఒకరు తొంగిచూస్తారు, ఆయనా పోతాడు. ఆ తర్వాత మైకులో "జెట్ వేస్ట్" అని వినిపిస్తుంది.

డాష్ అంటేనే ముందువాడికీ మిగతావాళ్లకూ మధ్య దూరం ఒక్కసారిగా పెరగడం. అందుకని రెండోవాడు డాష్ శబ్దం విన్నాక బయల్దేరితే ఆలస్యమే. స్మోక్‌లు పడుతుండగానే మెయిన్ అంచుకు చేరి ఉండాలి, డాష్‌తో పాటే అడుగు బయటపెట్టాలి. జెట్ పెట్టెల వైపు దూకితే మీ కళ్లు జనరేటర్ మీద ఉండాలి, ఇద్దరూ ఒకే మూల చూడడం దండగ. మూడోవాడు మీ వెనక, మీరు పడితే మీ బదులు తీర్చడానికి. స్పైక్ మోసేవాడు నాలుగోవాడిగా వస్తే చాలు, అతనికి తొందరెందుకు?

కాపలా వైపు ఆడుతున్నప్పుడు ఇదే లెక్క తిరగేసి చూడండి. ఇద్దరు ఒకే మూల వెనక దాక్కోకుండా, మెయిన్ ముఖద్వారాన్ని రెండు వేరు దిక్కుల నుంచి చూడాలి. వచ్చినవాడు ఒకరి వైపు తిరిగితే రెండోవాడికి పక్కకణత దొరుకుతుంది.

ఇక సైట్ పోగొట్టుకుని తిరిగి తీసుకునేటప్పుడు అందరూ చేసే పొరపాటు ఒక్కొక్కరుగా వెళ్లడం. స్పైక్ పెట్టాక పేలడానికి 45 సెకన్లు. డిఫ్యూజ్‌కు, అంటే దాన్ని ఆపడానికి, 7 సెకన్లు. అంటే 38 సెకన్లలోపు దాని మీద చెయ్యి పెడితే చాలు. మిగతావాళ్ల కోసం పది సెకన్లు ఆగినా ఇంకా 28 ఉంటాయి, అది చాలా సమయం. స్పైక్ బీప్ వింటే టెన్షన్ వచ్చి పరుగెత్తుతాం కానీ, మొదటి పది సెకన్లు గోడ వెనక నిలబడడం నేర్చుకున్న రోజున మీ రీటేక్‌లు మారిపోతాయి.

"అక్కడున్నాడు రా!"

మన ఇళ్ల నుంచి ఆడే మ్యాచ్‌లు ఎక్కువగా ముంబై సర్వర్ మీద పడతాయి. ఐదుగురిలో ఒకరు తమిళం, ఒకరు హిందీ, ఇంకొకరు అసలు మాట్లాడరు. అయినా ఇబ్బంది లేదు, చోట్ల పేర్లు, ఏజెంట్ల పేర్లు, అంకెలు అందరికీ ఒకటే. "జెట్, జనరేటర్, 140." మూడు మాటలు. చచ్చిపోగానే మీరు కొట్టిన డామేజ్ తెరమీద కనిపిస్తుంది, అదే చదివేయండి.

మనవాళ్ల మైకు ఎలా ఉంటుందో తెలుసుగా. "అబ్బా! అక్కడున్నాడు రా, అక్కడే, చూడు చూడు!" అక్కడ అంటే ఎక్కడ? వినేవాడు తెలుగువాడైనా అర్థం కాదు. అది చెప్పేలోపు ట్రేడ్ సమయం కూడా అయిపోతుంది. ఆ తర్వాత మిగిలినవాడు ఒంటరిగా అడుగుల చప్పుడు వినాల్సిన సమయంలో, చచ్చినవాళ్లు ముగ్గురూ కలిసి కామెంటరీ చెప్తారు. చెప్పాల్సింది చెప్పి, మైకు వదిలేయండి.

మైకు లేకపోయినా సమాచారం ఉంటుంది. మీవాడు చూసిన శత్రువు మినీమ్యాప్ మీద కనిపిస్తాడు, చూపు తప్పాక చివరగా కనిపించిన చోట ఎర్ర ప్రశ్నార్థకం మిగులుతుంది. మీవాడు పడిన చోటు కూడా అక్కడే తెలుస్తుంది. ఆ రెండింటినీ కలిపే గీతను తలలో గీసుకుంటే ఎటు గురిపెట్టాలో వచ్చేస్తుంది.

ట్రేడ్‌కు వెళ్లకూడని సందర్భాలూ ఉన్నాయి. మీరు దూరంగా ఉన్నారు, వాడు దాక్కోవడానికి సమయం దొరికేసింది, అలాంటప్పుడు వెళ్లకండి. స్పైక్ పెట్టేశారు, సమయం మీవైపుంది, వాళ్లే రావాలి, అప్పుడూ వెళ్లకండి. ఆపరేటర్ అనే స్నైపర్ తుపాకీ విషయం మాత్రం విడిగా చెప్పాలి. 4700 క్రెడిట్ల ఆ తుపాకీ ఒంటికి తగిలినా 150, నిండు కవచం ఉన్నవాడు కూడా ఒక్క దెబ్బకే పోతాడు. దాంతో అందరూ భయపడి వెనక్కి తగ్గుతారు. కానీ ఒకసారి పేల్చాక మళ్లీ పేల్చడానికి దానికి ఒకటిన్నర సెకన్ల పైనే పడుతుంది. మీరు నాలుగైదు మీటర్లలో ఉంటే, భయపడాల్సిన తుపాకీయే ట్రేడ్‌కు అన్నిటికంటే తేలిక. లేదంటే ఆ మూల వైపు పోవద్దు.

ఇంకో మాట, బెయిట్ చేయడం గురించి. స్నేహితుణ్ణి ముందుకు తోసి, వాడు చచ్చాక తీరిగ్గా వచ్చి కిల్ తీసుకునేవాళ్లుంటారు. చూడ్డానికి అదీ ట్రేడ్‌లాగే ఉంటుంది. తేడా ఏమిటంటే, నిజంగా ట్రేడ్ చేసేవాడు ముందువాడు పడకముందే కదిలి ఉంటాడు. సగంసార్లు ముందువాడు బతికే ఉంటాడు కూడా, ఎందుకంటే శత్రువుకు ఒకేసారి ఇద్దరు కనిపిస్తారు.

ఈ వారం ఇంటిపని

రెండు ర్యాంక్ మ్యాచ్‌లు రికార్డ్ చేయండి. విండోస్‌లో విన్, ఆల్ట్, ఆర్ మూడూ కలిపి నొక్కితే రికార్డింగ్ మొదలవుతుంది. తర్వాత కాగితం మీద రెండు గడులు గీసి, చావులు మాత్రమే చూసుకుంటూ పోండి. మీరు పడిన ప్రతిసారీ, దగ్గరివాడు ఎన్ని సెకన్ల దూరంలో ఉన్నాడు, మీ బదులు తీరిందా? మీ పక్కవాడు పడిన ప్రతిసారీ, మీరు ఎక్కడున్నారు, తీర్చారా? మొదటి గడిలో "ఎవరూ లేరు" అని ఎక్కువ వస్తే మీరు ముందుకు పరుగెత్తుతున్నారు. రెండో గడిలో "దూరంగా ఉన్నాను" అని ఎక్కువ వస్తే మీరు వెనక తచ్చాడుతున్నారు. నాకు మొదటిసారి రెండు గడులూ నిండాయి.

మ్యాచ్ గణాంకాల్లో కాస్ట్ (KAST) అనే శాతం కనిపిస్తే దాన్నీ రాసుకోండి. ఎన్ని రౌండ్లలో మీరు కిల్ గానీ, అసిస్ట్ గానీ చేశారో, బతికారో, లేదా మీ చావుకు ట్రేడ్ పడిందో కలిపి చెప్పే అంకె అది. కిల్స్ కంటే దాన్ని చూసుకోవడం నాకు ఎక్కువ పనికొచ్చింది.

తోడు ఒక్కరు దొరికినా చాలు, ఇద్దరూ కలిసి టీమ్ డెత్‌మ్యాచ్‌కు వెళ్లి, విడిపోకుండా, వంతులవారీగా ముందు వెనకలు మారుతూ ఆడండి. చచ్చినా వెంటనే మళ్లీ పుట్టొచ్చు కాబట్టి పది నిమిషాల్లో పదిహేను సార్లు సాధన అవుతుంది. ఎవరూ దొరకకపోతే ర్యాంక్ మ్యాచ్ మొదట్లోనే ముందుకెళ్లే డ్యూయలిస్ట్‌ను ఎంచుకుని, "నీ వెనకే వస్తా" అని ఒక్క మాట చెప్పి, ఆ మ్యాచ్ అంతా అతనికి ఒక సెకను దూరంలో ఉండండి.

ఐదో పాఠంలో క్రెడిట్ల లెక్క చూద్దాం. రౌండ్ ఓడినందుకు మొదటిసారి 1900, వరసగా రెండోసారి 2400, మూడోసారి 2900 ఇస్తారు. నలుగురు తుపాకీలు కొనకుండా ఆగినప్పుడు ఐదోవాడు ఒక్కడే వాండల్ కొంటే జట్టుకు ఏం నష్టమో ఆ అంకెలతోనే తేలుస్తాం. వచ్చేటప్పుడు గడులు నింపిన కాగితం దగ్గర పెట్టుకోండి.